ప్రూయెట్ అనే తిట్టు

హాట్‌డాగ్‌లోంచి మస్టర్డ్ జారి కొత్తాయన తెల్లచొక్కా మీద పడింది.

"ప్రూయెట్!" అన్నాడు పక్క సీట్లోని వెండెల్.

ఆయన ఉలిక్కిపడి తలతిప్పాడు.

"కంగారుపడకు గురూ. మా స్టాండులో అది తిట్టు."

హెరన్స్ బేస్‌బాల్ జట్టు సొంత మైదానంలో, 214వ స్టాండులో, ముప్పై అయిదేళ్లుగా వినిపిస్తున్న తిట్టు అది. బీరు ఒలికితే ప్రూయెట్. వాన పడితే ప్రూయెట్. కారు పెట్టుకోవడానికి చోటు దొరక్కపోయినా ప్రూయెటే.

వెండెల్ రిటైరైన పోస్ట్‌మన్. ఆ తిట్టు వెనక కథ అడిగినవాళ్లకీ, అడగనివాళ్లకీ చెబుతాడు. కొత్తాయనకీ చెప్పాడు. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య కాపు కాసే షార్ట్‌స్టాప్‌గా బెల్లమీ లాంటివాడు ఈ ఊరికి మళ్లీ దొరకలేదు. అలాంటివాణ్ని తెలివితక్కువ యాజమాన్యం వేరే జట్టుకిచ్చేసి, బదులుగా ప్రూయెట్ అనే పిచ్చర్ని తెచ్చుకుంది. బెల్లమీ అక్కడికెళ్లి రెండుసార్లు కప్పు గెలిపించాడు. ప్రూయెట్ ఇక్కడ ఆరు మ్యాచ్‌లలో బంతి వేసి, ఆరూ ఓడగొట్టి, చేయి నొప్పంటూ మాయమయ్యాడు.

"నొప్పి నిజమేనేమో," అన్నాడు కొత్తాయన చొక్కా తుడుచుకుంటూ.

"వాడి ఆట నువ్వు చూశావా?"

"చూశాను. బాగా దగ్గర్నుంచే."

"మరింకేం? ఆ మీసాలవాడు ఇప్పుడెదురైనా నేను పట్టేస్తాను."

కొత్తాయన నున్నగా గీసిన మూతి తుడుచుకుని, తన పేరు డెల్ అని చెప్పాడు.

తర్వాత ప్రతి ఆదివారం మధ్యాహ్నం డెల్ వచ్చేవాడు. చంకలో గోధుమరంగు గుడ్డ తొడిగిన దిండొకటి. దాన్ని సీటు మీద సర్దుకుని కూర్చుని, వేరుశనక్కాయల సంచి ఇద్దరి మధ్యా పెట్టేవాడు. బంతి పిచ్చర్ చేతిలో ఉండగానే అదెటు పోతుందో చెప్పేవాడు. పదిట్లో తొమ్మిది సార్లు అలాగే పోయేది.

జూన్ అయ్యేసరికి వెండెల్ మ్యాచ్ కోసం కన్నా ఆ పక్క సీటు కోసమే ఇంటి నుంచి ముందుగా బయల్దేరుతున్నాడు.

జులైలో యాజమాన్యం మళ్లీ అదే పని చేసింది. జట్టులో ఉన్న ఒకే ఒక్క మంచి బ్యాటర్ గ్రేడీని వదులుకుని, ఇరవై ఒక్కేళ్ల ఎలీసియో అనే పిచ్చర్ని తెచ్చింది. స్టాండు భగ్గుమంది. కుర్రాడు కనిపిస్తే చాలు, వెండెల్ ఊళ మొదలుపెడతాడు. మిగతా వాళ్లు అందుకుంటారు.

ఆగస్టు మొదటి ఆదివారం ఎలీసియోకి చివరి అవకాశం. అదీ పోతే కింది లీగుకి పంపేస్తారని ఆ పొద్దుటి పేపర్లోనే రాశారు.

"ఈ ఒక్కరోజూ ఊళ వెయ్యకు," అన్నాడు డెల్.

"ఎందుకు వెయ్యకూడదు?"

"గ్రేడీ బదులు నన్ను తెచ్చుకోండని వాడడిగాడా? తెచ్చింది యాజమాన్యం."

"నేను తిట్టేదీ వాళ్లనే. వాళ్లేమో పైన అద్దాల గదిలో కూర్చున్నారు. వాళ్ల చెవిన పడొద్దా?"

డెల్ ఒక వేరుశనక్కాయ ఒలిచాడు.

"ఆ అద్దాల్లోంచి ఏమీ వినపడదు వెండెల్. ఆ మట్టిదిబ్బ మీద నిలబడి బంతి వేసేవాడికి మాత్రం ప్రతి మాటా వినపడుతుంది."

ఎలీసియో దిబ్బ ఎక్కాడు. స్టాండంతా వెండెల్ వైపు చూసింది. ముప్పై అయిదేళ్ల అలవాటు. వెండెల్ నోటి చుట్టూ చేతులు పెట్టుకుని ఊళ వేశాడు.

కుర్రాడు వరసగా నాలుగు బంతులు పక్కకి వేసి, మొదటి బ్యాటర్ని ఊరికే బేస్ మీదికి పంపాడు. రెండోవాణ్నీ అంతే. మూడోవాణ్నీ అంతే. కోచ్ వచ్చి బంతి లాక్కున్నాడు.

డెల్ లేచాడు. సగం మిగిలిన సంచి వెండెల్ ఒళ్లో పెట్టి, దిండు చంకన పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. కోపం లేదు. వచ్చే వారం కలుద్దామని మాత్రం అనలేదు.

మూడు ఆదివారాలు ఆ సీటు ఖాళీ. ఎవరూ కూర్చోకుండా వెండెల్ దాని మీద తన టోపీ పెట్టాడు. క్షమాపణ ఎలా చెప్పాలో రోజూ అనుకుంటూనే ఉన్నాడు. ఫోన్ నంబరైనా అడిగి ఉంచుకోలేదు.

నాలుగో ఆదివారం, సీట్లు చూపించే డొలోరెస్ ఆ దిండు పట్టుకుని వచ్చింది.

"డెల్ పోయాడు వెండెల్. గుండె. పోయిన వారమే. పక్క సీటాయనకి ఇమ్మన్నాడని వాళ్లావిడ తెచ్చిచ్చింది."

వెండెల్ దిండు అందుకున్నాడు.

ఇద్దరు పిచ్చర్లు గాయపడటంతో కింది లీగుకి పంపేసిన ఎలీసియోని మళ్లీ పిలిపించారు. ఆ రోజు ఏడో ఇన్నింగ్స్‌లో అతను దిబ్బ ఎక్కాడు. స్టాండంతా వెండెల్ వైపు చూసింది.

వెండెల్ లేచి నిలబడ్డాడు. దిండు చంకలో ఇరికించుకుని చప్పట్లు కొట్టాడు. ఒక్కడే.

"ఏమైంది నీకు? ఎండ దెబ్బ తగిలిందా?" అన్నారెవరో వెనక నుంచి.

కొడుతూనే ఉన్నాడు. మెట్ల దగ్గర డొలోరెస్ కూడా చప్పట్లు అందుకుంది. ఎలీసియో ఒక్కసారి తలెత్తి ఇటు చూశాడు.

మొదటి బంతి పక్కకి పోయింది.

"ప్రూయెట్!" అంది స్టాండు మొత్తం.

అలవాటు కొద్దీ అదే మాట వెండెల్ నాలుక చివరిదాకా వచ్చింది. కూర్చోబోతూ దిండుని సీటు మీద వేశాడు. అది బోర్లా పడింది.

ఆదివారాలన్నీ డెల్ తన కింద దాచుకుని కూర్చున్న ఆ రెండో వైపున పాత హెరన్స్ జెర్సీ ముక్క కుట్టి ఉంది, దాని మీద వెలిసిపోయిన నీలి అక్షరాల్లో ఒక్కటే పేరు: ప్రూయెట్.