మేడగది వీడియోలు

చెప్పులు చేత్తో పట్టుకుని సగం మెట్ల మీద నిలబడిపోయాడు భద్రిరాజు. సొంత ఇంట్లో దొంగలా మెట్లెక్కాల్సిన రోజు వస్తుందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

మేడగదిలోంచి కోడలు గీతిక గొంతు వినిపిస్తోంది.

"మీరు భయపడితే ఎలాగండీ? కళ్లలోకి చూస్తూ చెప్పండి. మొదటి మాట వచ్చేస్తే మిగతావి వాటంతటవే వస్తాయి."

ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు.

"పోనీలెండి, రేపు చూద్దాం," అంది గీతిక.

భద్రిరాజు పిల్లిలా దిగివచ్చి, బండెక్కి చెరువుల దగ్గరికి పోయాడు. భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్న ఆసామి ఆయన. రొయ్య సరిగ్గా మేత తినకపోతే నీళ్లలో ఏదో తేడా ఉందని గట్టు మీంచే పసిగట్టేస్తాడు. అలాంటివాడికి ఇంట్లో తేడా తెలియదా అని ఆయన ధీమా.

భోజనాల దగ్గర భార్యని కదిపాడు.

"సాయంత్రాలు కోడలు మేడమీద ఎవరితో మాట్లాడుతోంది?"

"కాలేజీ వీడియోలండి," అంది రత్నమాణిక్యం.

"వీడియోలో 'మీరు, మీరు' అంటోంది. ఆ 'మీరు' ఎవరు?"

"ఏమోనండి."

"నీకెందుకు తెలుస్తుందిలే! ఆ వేళకి శ్యామలాంబగారింట్లో పారాయణంటూ పోతావు. ఇక్కడ కొంప మునిగినా నీకు పట్టదు. వేరుకాపురం పెడదామని అబ్బాయికి ఫోనులో నూరిపోస్తోందేమో!"

"అలాంటి పిల్ల కాదండి. అసలు నేను..."

"నీకేం తెలుసని? మజ్జిగ పొయ్యి."

ఆవిడ మజ్జిగ పోసింది. రత్నమాణిక్యం నోట్లో నాలుక లేని మనిషని ఊరంతా మెచ్చుకుంటుంది. అది తన అదృష్టమని భద్రిరాజు కూడా నలుగురిలో చెప్పుకుంటూ ఉంటాడు.

మర్నాడు పొద్దున్నే, కాలేజీ బస్సుకి బయల్దేరుతున్న గీతికని వరండాలో ఆపాడు. పెళ్లయ్యాక కూడా ఎంబీయే చదివిస్తానని వియ్యంకుడికి మాటిచ్చింది ఆయనే. ఆ మాట ఇచ్చినందుకు ఇప్పుడు తెగ చిరాగ్గా ఉంది.

"ఆ వీడియోల సంగతేంటమ్మా?"

"మా సార్ రోజుకొకటి చేయమన్నారండి మావయ్యగారూ. నలుగురిలో మాట్లాడాలంటే మా క్లాసులో అందరికీ వణుకేనండి. మన వీడియో మనమే చూసుకుంటే తప్పులు తెలుస్తాయి, ధైర్యం కూడా వస్తుందన్నారు."

"ఏదీ, చూపించు."

చూపించింది. రొయ్యల ఎగుమతి గురించి ఇంగ్లీషులో గడగడా మాట్లాడేస్తోంది. ఆయనకి సగం అర్థం కాకపోయినా, పిల్ల బాగానే చెబుతోందనిపించింది. తర్వాతి వీడియో కోసం తెర మీద వేలు పెట్టేసరికి గీతిక చటుక్కున ఫోను వెనక్కి తీసేసుకుంది.

"అవి నావి కావండి."

"మరెవరివి?"

"నేనొకరికి నేర్పుతున్నానండి. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను."

"నా ఇంట్లో నాకు తెలియని మాటలు కూడానా!"

గీతిక తల దించుకుంది గానీ ఫోను మాత్రం ఇవ్వలేదు. ఇంకేం కావాలి ఆయనకి? ఉన్న అనుమానం కాస్తా రూఢి అయిపోయింది.

వెంటనే కొడుక్కి ఫోను చేశాడు. సూర్యతేజ రాజమండ్రిలో బ్యాంకు ఉద్యోగి, శనివారం సాయంత్రానికి ఇంటికొస్తాడు.

"ఒరేయ్, నాతో ఏమైనా చెప్పాలనుకుంటున్నావా?"

సూర్యతేజ గొంతు తగ్గించాడు.

"మీటింగులో ఉన్నాను నాన్నగారూ. శనివారం వస్తున్నాగా, మాట్లాడదాం."

ఫోను పెట్టేశాక భద్రిరాజుకి కోపం కంటే ముందు భయమేసింది. ఉన్నది ఒక్క కొడుకు. వాడు వేరుపడితే ఈ మేడ, ఈ చెరువులు ఎవరి కోసం? కన్నతండ్రితో నేరుగా చెప్పలేక పెళ్లాం దగ్గర పాఠాలు నేర్చుకుంటున్నాడన్నమాట! ఆ తర్వాత కోపమూ వచ్చింది. ఇది నిజమని తేలితే కోడలి చేత కాలేజీ మాన్పించి పుట్టింటికి పంపేయడమేనని తీర్మానించుకున్నాడు.

ఆ సాయంత్రం మేత చూసొస్తానని బయల్దేరి, కాలవ వంతెన దగ్గర బండి తిప్పేశాడు. మళ్లీ చెప్పులు చేతిలోకి, మళ్లీ మెట్ల మీదికి.

"ఇవాళ మాత్రం రికార్డు చేసి తీరాలండి," అంటోంది గీతిక. "ఒక్క నిమిషమే. మధ్యలో ఎవరు అరిచినా ఆగకండి. శనివారం నాటికి మీరు చెప్పేయగలరు. నాకు నమ్మకముంది."

శనివారం! ఇంక ఆగలేకపోయాడు. భళ్లున తలుపు తోశాడు.

స్టాండు మీద ఫోను ఉంది. దాని వెనక గీతిక ఉంది. దానికెదురుగా కుర్చీలో పట్టుచీర కట్టుకుని, చేతులు ఒళ్లో బిగబట్టుకుని కూర్చున్నది రత్నమాణిక్యం.

భద్రిరాజు ఒక్క క్షణం తెల్లబోయాడు. మరుక్షణం పగలబడి నవ్వాడు. గుండెల మీంచి బరువు దిగిపోయింది. కొడుకు ఎక్కడికీ పోవడం లేదు, కోడలి తప్పూ లేదు. అనవసరంగా ఆడిపోసుకున్నానని సిగ్గు కూడా వేసింది.

"నువ్వా! పారాయణ ఎగ్గొట్టి నువ్వు చేస్తున్నది ఇదా? శ్యామలాంబగారు నీ చేత ఉపన్యాసం గానీ ఇప్పిస్తారా ఏంటి? ఆ పదిమంది ఆడవాళ్ల ముందు నోరు విప్పడానికి ఇంత భయమెందుకే?"

రత్నమాణిక్యం కోడలి వైపు చూసింది. గీతిక ధైర్యం చెబుతున్నట్టు తలూపింది.

"చెప్పవేం? ఇన్నాళ్ల నుంచి ఇంత తంటాలు పడుతున్నది ఎవరితో మాట్లాడటానికి?" ఆయనింకా నవ్వుతూనే ఉన్నాడు.

రత్నమాణిక్యం ఆయన కళ్లలోకి చూసింది. రెండుసార్లు నోరు తెరిచి మూసేసింది. మూడోసారికి మాట బయటికొచ్చింది.

"మీతోనండి."