గోడ పక్కన చోటు

మిషన్లు ఫొటోలు పుట్టించడం మొదలుపెట్టాక వాటిని ఎవరూ నమ్మడం లేదు. పోయిన మనిషి ఫొటోలో కనిపించే వస్తువేదైనా దాని పక్కన బిగిస్తేనే ఆ మనిషి నిజంగా బతికినట్టు. మా పేట గుర్తుల గోడ మీద ఒకరి కళ్ళజోడు, ఒకరి గొడుగు, ఒకరి సైకిల్ చక్రం, వాటి పక్కన వాళ్ళ ముఖాలు. చదువుకున్నవాళ్ళు దాన్ని కళ అంటారు. నాకు మాత్రం పాత సామాన్ల కొట్టులాగే ఉంటుంది.

నా భార్య నూకరత్నం పెద్దకర్మ అయిన మర్నాడు, ఆమె ఫొటోలన్నీ పట్టుకుని నేనూ మా అమ్మాయి పైడమ్మా అక్కడికి వెళ్ళాం. గోడ చూసుకునే ఆవిడ వాటిని తిరగేసింది.

"ఏటండీ, ఒక్కదాంట్లోనూ చేతిలో ఏదీ లేదు. గరిటైనా ఉండాల గదా."

"ఫొటో అంటే మాయమ్మ అన్నీ పక్కనెట్టి, చేతులు తుడుసుకుని నిలబడీదండి," అంది పైడమ్మ.

ఆ చేతులు ఖాళీగా ఉన్నది ఫొటోల్లోనే. అదే ఇప్పుడు తప్పయిపోయింది.

"అలాగైతే పెట్టలేనమ్మా. మిషను బొమ్మనుకుంటారు."

పైడమ్మ ఆఖరి ఫొటో మళ్ళీ చూసింది. "నానా, అమ్మ కాళ్ళ కాడ ఈ నీడెవలిది?"

"నాదే. తీసింది నేనే గదేటి."

ఆవిడ ఫొటోనీ నన్నూ మార్చి మార్చి చూసింది. "నీడ కనబడినా మీరు కనబడినట్టేనండి. అయితే మీరు పక్కనున్నంతసేపే ఫొటో ఉంటది. కదిలితే తీసేస్తాను."

అప్పట్నుంచి రోజూ గోడ తెరిచే వేళకి వెళ్ళి నిలబడుతున్నాను. మధ్యాహ్నం పైడమ్మ క్యారేజీ తెస్తుంది.

"అమ్మున్నప్పుడు ఎప్పుడైనా ఇంతసేపు అమ్మ పక్కన నిలబడ్డావేటి నానా?" అంది నిన్న.

జనం తిరిగి చూశారు. నేను కదల్లేదు.