వాగు వాసన

"ఆ వాగు దగ్గర ఏముంటుంది?" ఓడ దిగిన ఒకావిడ ఇద్దరు పిల్లలతో టికెట్ల బల్ల ముందు నిలబడి అడిగింది.

"గుడ్లు పెట్టి చచ్చిపోయిన సాల్మన్ చేపలండీ. ఒకటే కంపు. పిల్లలకి నప్పదు. దుంగలు నరికే పోటీకి తీసుకెళ్లండి, పడీపడీ నవ్వుతారు," అన్నాడు హార్లన్. కెచికాన్ రేవులో యాత్రికులకి వినోదాల టికెట్లమ్ముతూ ఈ మాట రోజుకి నలభైసార్లు అంటాడు.

ఆవిడ టికెట్లు తీసుకుని వెళ్లిపోయింది.

పక్కన కూర్చున్న కూతురితో, "లే టెస్సా. నానమ్మ వాగు దగ్గర ఎదురుచూస్తోంది. నిన్న తిన్న చేప ముళ్లు, మన ఆచారం ప్రకారం, ఈసారి నువ్వే నీళ్లలో వెయ్యాలి. అలా వేస్తేనే చేపలు మళ్లీ మనింటికొస్తాయి," అన్నాడు.

"ఛీ! నేను రాను. ఒకటే కంపు. పిల్లలకి నప్పదు."

అచ్చం హార్లన్ గొంతే.

"మన చేపల్ని అంత మాటంటావా? సిగ్గులేదూ?" బల్ల మూసేసి, కూతుర్ని చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు.

వంతెన దాటేసరికి కుళ్లు వాసన గుప్పుమంది. అతని తల్లి మోకాళ్లలోతు నీళ్లలో, ముళ్ల గిన్నెతో నిలబడి మనవరాలిని పిలుస్తోంది.

"నాన్నా," అంది టెస్సా అతన్నే చూస్తూ. "మరి నువ్వెందుకు ముక్కు మూసుకున్నావ్?"

తన రెండో చెయ్యి ఎక్కడుందో హార్లన్‌కి అప్పుడు తెలిసింది.