సొంత వంశానికి ఒక్కటే విద్య

చెప్పాల్సింది ఒక్క ముక్క. సోమవారం నుంచి ఆఫీసుకి చాయ్ మిషన్ వస్తోంది, మీరిక రానక్కర్లేదు కనకమ్మగారూ, అని. అది చెప్పలేక రవికిరణ్ పది రోజులుగా ఆవిడ చేతి చాయే తాగుతున్నాడు.

ఈ పని అతని నెత్తిన పెట్టింది మేనేజర్ పార్థసారథి. కనకలక్ష్మి అక్కడే కప్పులు సర్దుతోంది కాబట్టి ఇంగ్లీషులో చెప్పాడు. మిషన్ జీడిమెట్ల నుంచి వస్తుందనీ, కంపెనీ పేరు ఇదనీ, ఫలానా సోమవారమనీ వివరంగా చెప్పి, "నువ్వయితే మెత్తగా చెప్పగలవు" అని భుజం తట్టి వెళ్ళిపోయాడు. చూడ్డానికి పొగడ్తే. మనవాళ్ళు దీన్నే ఇరికించడం అంటారు.

మర్నాడు ఆవిడ సెలవు పెట్టింది. హమ్మయ్య, ఒకరోజు గండం గడిచిందనుకున్నాడు. ఆ తర్వాత అన్నీ గండాలే. ఇవాళ శుక్రవారం. రేపూ ఎల్లుండీ సెలవు. ఇక వాయిదా వెయ్యడానికి రోజు లేదు.

నాలుగింటికి కనకలక్ష్మి చాయ్ తెచ్చి బల్ల మీద పెట్టింది. యాభై దాటిన మనిషి. నార్సింగి నుంచి వస్తుంది. అంతకుముందు ఇరవై ఏళ్ళు సికింద్రాబాదులో ఎవరో కాన్వెంటు మేడమ్ పిల్లల్ని సాకిందట. హైటెక్ సిటీలో ఈ ఆఫీసు తెరిచిన రోజు నుంచీ ఇక్కడే.

"ఏంది సారూ, గింత పరేషాన్ ఉన్నవు?"

"అబ్బే, ఏం లేదండీ. కూర్చోండి, ఒక ఆట చూపిస్తాను."

పిరికితనమే, సందేహం లేదు. కానీ ఆట మాట అబద్ధం కాదు. అమెరికాలో కొందరు పెద్దవాళ్ళు బల్ల చుట్టూ చేరి, పాచికలు వేసుకుంటూ, నేను వీరుణ్ణి, నువ్వు మంత్రగత్తెవి అని కథ ఆడుకుంటారట. ఆ వీరుల్ని కంప్యూటర్లో తయారు చేసుకునే ప్రోగ్రామ్ రాసివ్వడం ఈ కంపెనీ పని. అది సరిగ్గా నడుస్తోందో లేదో చూడటం రవికిరణ్ ఉద్యోగం.

"ముందు వంశం ఎంచుకోవాలి," అన్నాడు. తెర మీదంతా ఇంగ్లీషే. ఒక్కొక్కటీ చదివి తెలుగులో చెప్పాడు. "కోసు చెవుల వనవాసులు, బారు గడ్డాల మరుగుజ్జులు..."

"గట్ల చెవులున్నోళ్ళు మా దిక్కు లేరు."

"అయితే సొంత వంశం అని ఉంది. మనకి నచ్చినట్టు పెట్టుకోవచ్చు. కాకపోతే దానికి ఒక్కటే విద్య ఇస్తారు. ఒకసారి నొక్కితే ఇక మార్చడం కుదరదు."

"ఒక్కటేనా!" కనకలక్ష్మి కొంగు నడుముకి దోపుకుంది. "అయితే జర ఆగు. ఆలోచించనియ్యి."

"చీకట్లో చూడగలిగే విద్య."

"ఉన్నదే. మా ఇంట్ల కరెంటు ఎన్నడుంటది? చీకట్లనే బియ్యంల రాళ్ళు ఏరుత."

"నిప్పు తగిలినా కాలని విద్య."

"ఉన్నదే. చాయ్ గిన్నె బట్ట లేకుంట దించుత, నువ్వు చూడలే?"

"ఒకేసారి నలుగురితో పోరాడే విద్య."

"పదకొండు గొట్టంగనే మీరంత ఒక్కపారి మీద పడుతరు. రోజు నేను జేసేది ఏంది మరి?"

పక్క సీట్లో రసజ్ఞ పడి పడి నవ్వింది. రవికిరణ్ కూడా నవ్వబోయాడు గానీ, సోమవారం గుర్తొచ్చి ఆగిపోయాడు.

"పోనీ ఇది తీసుకోండి. ఎవరు ఏ భాషలో మాట్లాడుకున్నా అర్థమైపోయే విద్య."

"వద్దు. ఇంకోటి జెప్పు."

"అయ్యో, అన్నిట్లోకీ గొప్పది అదేనండీ!"

"వద్దన్న గద సారూ."

రసజ్ఞ ఇటు వంగి ఇంగ్లీషులో అంది, పాపం, దాని విలువ ఆవిడకేం తెలుసు, ఆటలు చాలించి విషయం చెప్పెయ్, టైమవుతోంది అని. నా వల్ల కాదు, ఆవిడ ఏడిస్తే నేనూ ఏడ్చేస్తాను అని రవికిరణ్ కూడా ఇంగ్లీషులోనే మొరపెట్టుకున్నాడు.

"జల్ది కానియ్యి సారూ, టైమైతున్నది," అంది కనకలక్ష్మి. ఆవిడ వేలు తెర మీద ఆఖరి వరసలో ఆగింది. "గిది పెట్టు."

"అదేమిటో నేనింకా చదవందే ఎలాగండీ? ఏదో ఒకటి అంటే కుదరదు మరి." చదివి చూశాడు. గాల్లో ఎగిరే విద్య.

"ఆఁ, గదే. గదొక్కటే నాకు లేదు. పొద్దుగాల బస్సు తప్పితే మస్తు తిప్పలైతున్నది."

నొక్కాడు. తెర మీద వీరనారి కనకలక్ష్మి కత్తి పట్టుకుని నిలబడింది. ఆవిడ తనని తాను చూసుకుని మురిసిపోయింది.

రవికిరణ్‌కి మాత్రం ఆ బస్సు మాట గుండెల్లో గుచ్చుకుంది. సోమవారం నుంచి ఆ బస్సుతోనే పని లేదు ఈ పిచ్చితల్లికి. ఇంతకన్నా పాపం ఇంకేముంటుంది! లేచి నిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"కనకమ్మగారూ... సోమవారం నుంచి..."

కనకలక్ష్మి ఖాళీ కప్పు తీసి పళ్ళెంలో పెట్టుకుంది. అతని ముఖం చూసి జాలి పడింది.

"ఫికర్ జెయ్యకు సారూ, గా భాషల విద్య గూడ ఉన్నదే, మీ మేనేజర్ సారు నా ముంగట ఇంగ్లీషుల జెప్పిన మర్నాడే జీడిమెట్ల పోయి ఆ కంపెనీల నౌకరి మాట్లాడుకున్న, సోమారం మిషన్ పట్టుకొని వచ్చేది నేనే."