నడుంలోతు గొయ్యి

"కుందేలికి ఏ సైజు గుండీలు పెట్టమంటారు?" అంది దర్జీ భార్య, గుండీల డబ్బా ముందేసుకుని.

"మెల్లిగా అడగవే, వీధిలోకి వినబడుతుంది!"

దర్జీ కొట్టు షట్టరు దించేసి, పట్టపగలే దీపం వేసుకుని, గడగడా మిషను తొక్కుతున్నాడు. కుందేలి చెవులు తయారవుతున్నాయి. గుడ్డ ఎక్కడిదంటారా? తన ఉన్ని కోటుకే కుట్లు విప్పేశాడు. కొట్లో మిగిలే బూడిదరంగు ముక్కలన్నీ, తుపాకులు తుడుచుకోవాలంటూ వేటగాళ్ళ సంఘం వాళ్ళు ఎప్పటికప్పుడు ఏరుకుపోతారు మరి.

ఆ సంఘంలోనే దర్జీ కూడా ఉన్నాడు. అదే వచ్చిన చిక్కు.

సంఘంలో పదకొండు మంది. వారానికొకరు వంతు ప్రకారం ఒంటరిగా కొండకి వెళ్ళాలి. కుందేలును కొట్టాలి. మాంసం ఇంట్లో వండించి ఆదివారం విందుకి తేవాలి. మిగిలిన తలా, తోలూ, కాళ్ళూ గోనెసంచిలో కట్టి, చెవులు మాత్రం బయటికి కనిపించేలా ఉంచి, సంఘం గది వెనక నడుంలోతు గొయ్యి తీసి పాతిపెట్టాలి. కొట్టినవాడే పాతాలి. సంచి మూతి విప్పకూడదు. సాక్షిగా అధ్యక్షుడు ఒక్కడే ఉండాలి. మహా నిక్కచ్చి మనుషులు లెండి.

వరసగా మూడు వంతులు చేతులూపుకుంటూ వచ్చినవాడి పేరు సభ్యుల పలక మీంచి తుడిచేస్తారు. దర్జీకి రెండు అయిపోయాయి. ఇది మూడోది. పోనీ అధ్యక్షుడు పరాయివాడా అంటే, సాక్షాత్తూ పిల్లనిచ్చిన మామ. తుడిచే గుడ్డ ఎప్పుడూ ఆయన భుజం మీదే ఉంటుంది.

"రొట్టెల పొయ్యి దగ్గర కునికిపాట్లు పడే మా అక్క మొగుడికి ఏడు దొరికాయి. మీకు ఒక్కటీ దొరకలేదూ?" అంది భార్య.

"కొండంతా జల్లెడ పట్టానే! తోక కాదుగదా, పెంటిక కూడా కనబడలేదు. వాళ్ళంటే అసలైన వేటగాళ్ళు. దెబ్బ తిన్న కుందేలును ముళ్ళపొదల్లో చెయ్యి పెట్టి లాగుతారు. చూళ్ళేదూ, వంతు అయినవాడి వేళ్ళకి ఎన్ని కట్లో!"

"మా నాన్నకైతే పది వేళ్ళకీ కట్లే," అంది ఆవిడ గర్వంగా, రెండో కన్ను కుడుతూ.

మాంసానికి నాలుగు వీధుల అవతల కోడిని కొన్నారు. ఎముక అన్నది లేకుండా ఏరి, ఆ కోడిని కన్నతల్లి వచ్చినా పోల్చుకోలేనంత మసాలా దట్టించారు.

ఆదివారం విందులో మొదటి ముద్ద తోడల్లుడు తిన్నాడు. దర్జీ ఊపిరి బిగబట్టాడు.

"అచ్చం పోయినవారం నేను తెచ్చినదానిలాగే ఉంది, తమ్ముడూ!"

"నాదీ ఇదే రుచి," అన్నాడు పోస్టుమాను వేళ్ళు నాకుతూ, కట్లతో సహా.

హమ్మయ్య, కోడికీ కుందేలికీ పెద్ద తేడా లేదన్నమాట అనుకున్నాడు దర్జీ. ఇక సంచి పాతేస్తే గండం గడిచినట్టే.

గది వెనక మామగారు ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు. సంఘం వేటకుక్క వచ్చి సంచిని ఒక్కసారి వాసన చూసింది. ఆవులించింది. వెళ్ళి నీడలో పడుకుంది.

దర్జీ సంచిని చప్పున తన కాళ్ళ వెనక్కి జరిపాడు.

"దాని తీరే అంత," అన్నాడు మామగారు. "ఏ సంచికీ లేవదు. తిండి ఎక్కువై బద్ధకం. నువ్వు తవ్వవయ్యా."

మోకాలి లోతు తవ్వాడు.

"ఇంకా లోతుగా."

"చిన్న కుందేలేనండీ, మామయ్యగారూ."

"కుందేలు చిన్నదైనా వాసన చిన్నదా? నక్కలు వచ్చి తోడేస్తే ఎవడు జవాబు చెప్తాడు? తవ్వు."

నడుంలోతుకి దిగాక మామగారు ముందుకి వంగాడు. "ఏదీ, చేతులు చూపించు. ముల్లు గుచ్చుకున్న గుర్తు ఒక్కటీ లేదేం?"

"అది... పొద బయటే పడిందండీ."

"బయటే పడిందా!" మామగారు తన కట్ల వంక చూసుకున్నాడు. "మాలో ఎవరికీ ఎప్పుడూ బయట పడలేదే?"

దర్జీ గట్టుమీది సంచిని గబుక్కున లాగాడు. అది పార మొనకి తగిలి బర్రున చిరిగింది. కుందేలు దొర్లుకుంటూ వెళ్ళి తిన్నగా మామగారి కాళ్ళ దగ్గర ఆగింది. నాలుగు కాళ్ళూ పైకెత్తి, గుండీ కళ్ళతో ఆయన్నే చూస్తోంది. పొట్టలోంచి దూది తొంగిచూసింది.

దర్జీ గోతిలోంచి కదల్లేదు. ఒక్కసారి చుట్టూ చూసుకున్నాడు. కొలతలు తెలిసినవాడు కదా, గొయ్యి సరిగ్గా తనకే సరిపోతుందనిపించింది.

మామగారు కుందేలును చేతిలోకి తీసుకున్నాడు. తిరగేశాడు. చెవులు పట్టి లాగి చూశాడు. పొట్ట మీది కుట్టును గోటితో గీకాడు. ఊడలేదు.

"మామయ్యగారూ, పలక మీంచి నా పేరు..."

"నోర్ముయ్."

ఆయన లేచి వెళ్ళి సంఘం గది తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. గోతి అంచున గొంతుక్కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు.

"మిషను కుట్టేనా?"

"అవునండీ."

మామగారు కట్లు కట్టిన పది వేళ్ళతోనూ ఆ చెవులు నిమిరి, పెద్దగా నిట్టూర్చి అన్నాడు: "ఈ విద్య మాకే వచ్చుంటే, మా పదిమందికీ వేళ్ళకి ఈ సూదిపోట్లూ కట్లూ ఎందుకయ్యా, అల్లుడూ?"