నాదీ, ఇంకొకరిదీ

ఆ శనివారం అతను చేయాల్సిన పనులు ఐదు. పిన్నికి మందులు తేవాలి. కారుతున్న వంటింటి కుళాయికి వాషర్ మార్చాలి. అక్కడే మూడు టిక్కులకొకసారి నత్తికొట్టే గోడగడియారాన్ని విప్పి చూడాలి. పిన్ని ఫోన్‌లో ఏదో కొత్త యాప్ వేసిపెట్టాలి. అన్నిటికన్నా ముందు, మధ్యాహ్నం పన్నెండు లోగా పక్షుల గుంపులో ఆ ‘చెవులపిల్లి’ నోరు మూయించాలి.

ఆ చివరి పనే మొదట పూర్తయింది.

ఒక పెద్ద కంపెనీ సైటులో ఉన్న వేల గుంపుల్లో అదొకటి. పిట్టల కూతలు రికార్డు చేసి పెడతారు, తెలిసినవాళ్ళు అది ఏ పిట్టో చెబుతారు. చాలామంది దాన్ని కంపెనీ యాప్‌లో కాక, బయటివాడొకడు ఒంటిచేత్తో తయారుచేసిన చిన్న యాప్‌లో చూస్తారు. ఇన్నాళ్ళూ ఊరుకున్న కంపెనీ ఇప్పుడు అతన్ని రుసుము కట్టమంది. “నెలకొక టీ ఖరీదు ఇస్తారా? తగినంతమంది సరేనంటే నడుపుతాను. లేదంటే శనివారం సాయంత్రం ఆరింటికి మూసేస్తాను” అని అతను వాడేవాళ్ళను, ఆ రోజు పన్నెండింటిలోగా ఓటేయమన్నాడు.

అందరికన్నా ముందు చెవులపిల్లి అనే పేరుతో ఎవరో రాశారు: “నాదీ, ఇంకొకరిదీ నేనే కడతాను.”

అది చూసి మనవాడికి ఒళ్ళు మండింది. ఇతను లిఫ్టు మెకానిక్. గుంపులో పేరు ‘నిచ్చెన’. “ఊరికే వచ్చేదానికి డబ్బులేంటి? ఎవరూ కట్టకండి, వాడే దిగొస్తాడు. చెవులపిల్లిగారూ, డబ్బుండేసరికి మీకు కళ్ళు నెత్తికెక్కాయి. ఆ ఇంకొకరెవరు, మీ తోకా?” అని పెట్టాడు. నవ్వు బొమ్మలు వందకు పైగా పడ్డాయి. పన్నెండింటికి లెక్క తేలింది. సరేనన్నవాళ్ళు చాల్లేదు.

పేరు తెలియక తను పెట్టిన ప్రతి కూతకూ ఓపిగ్గా జవాబు చెప్పింది ఆ చెవులపిల్లే. ఆ సంగతి అప్పుడతనికి గుర్తు రాలేదు. ఈలవేసుకుంటూ కుళాయి బిగించాడు.

“పిన్నీ, కుళాయి అయిపోయింది. గడియారం దించుతున్నా.”

“దాని జోలికి పోకురా.”

“నత్తికొడుతోంది కదా!”

“కొట్టనీ. చిన్నప్పుడు నువ్వు కొట్టలేదూ? నిన్ను విప్పి చూశామా?”

పిన్నికి పుట్టుకతోనే చూపు లేదు. ఆసుపత్రిలో టెలిఫోన్ బోర్డు దగ్గర ఉద్యోగం. అవతలివాళ్ళు హలో అంటే చాలు, పేరు పెట్టి పిలుస్తుంది. ఆమె ఫోన్ తెర మీదున్నదంతా చదివి వినిపిస్తుంది. ఆ చదువు ఎంత వేగమంటే, నాలుగేళ్ళుగా అదే ఇంట్లో ఉంటున్న అతనికి అది రేకుల మీద వాన పడ్డట్టే ఉంటుంది.

పిన్ని అడిగిన కొత్త యాప్ ఆ పెద్ద కంపెనీదే; అతను అది వేసి ఆమె చేతికిచ్చాడు. ఆమె వేలు తెర మీద జరిగింది.

“బటన్. బటన్. బటన్,” అంది ఫోన్.

“ఇదేం బటన్‌రా?”

“అదీ... నచ్చిందని చెప్పేది పిన్నీ.”

“ఇది?”

“జవాబు రాసేది.”

“ఆ ముక్క చెప్పడానికి దానికేం రోగం?”

“పెద్ద కంపెనీ కదా పిన్నీ, ఇలాంటివి పట్టించుకోరు.”

“పోనీలే. నా పాతదైతే అన్నీ విడమరిచి చెప్పేది. పాపం, ఆరింటికి పోతోందట. కట్టేవాళ్ళు లేరట.”

సంచిలో సర్దుతున్న స్క్రూడ్రైవర్ అతని చేతిలోనే ఆగిపోయింది.

“అది... మీలాంటివాళ్ళు కూడా వాడతారా?”

“కూడా ఏంట్రా? ఆ అబ్బాయి మొదలుపెట్టిందే మాలాంటివాళ్ళ కోసం. బాగుందని తర్వాత మీరంతా ఎక్కారు.”

అతనికి తల కొట్టేసినట్టయింది. చెప్పేద్దామా అనుకున్నాడు.

“పాతదాంట్లో ఉన్నవేమైనా దాచుకోవడం కుదురుతుందేమో చూసిపెట్టు నాన్నా. పాలు పొంగుతాయి, ఇప్పుడే వస్తా,” అంటూ ఆమె గోడ తడుముకోకుండానే వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అతను పాత యాప్ తెరిచాడు. రేకుల మీద వాన. ఏం చదువుతోందో తెలియాలిగా అని వేగం తగ్గించాడు. నాలుగేళ్ళలో ఆ పని చేయడం అదే మొదటిసారి.

“నిచ్చెన రాసినది,” అంది ఫోన్, తాపీగా. “చెవులపిల్లిగారూ, డబ్బుండేసరికి మీకు కళ్ళు నెత్తికెక్కాయి.”

అతను ఫోన్ వైపు చూశాడు. వంటింటి వైపు చూశాడు.

“మీరు రాసినది. నా కళ్ళు ఎక్కడికెక్కాయో నేనెప్పుడూ చూసుకోలేదు బాబూ.”

ఆపేద్దామని తెర మీద వేలు పెట్టాడు. అది పక్కకు జారి తర్వాతి రాత మీద పడింది.

“ఏరా, పనైందా?” పిన్ని వంటింట్లోంచి కేకేసింది. ఆమె వెనక గడియారం మూడు టిక్కులు కొట్టి తడబడింది.

ఫోన్ మాత్రం ఎవరి మొహమాటమూ లేకుండా చదువుకుంటూ పోయింది:

“మీరు రాసినది. ఆరు దాటితే నేనిక్కడ ఉండను. పోయేముందు ఒక్కమాట. నిచ్చెన మీద ఎవరూ కోపం పెట్టుకోకండి. నోరు దురుసేగానీ మనసు మంచిది. వాడు పెట్టిన మొట్టమొదటి కూతలోనే, పిట్ట వెనకాల మా వంటింటి గడియారం వినపడింది. నేను కడతానన్న ఆ రెండోది వాడిదే. రేపటినుంచి పిట్ట పేరు చెప్పడానికి నేనుండను, మీరైనా మా అక్క కొడుకుని గుర్తుపెట్టుకోండి.”