అన్న అడిగిన సంధి

“జైపాలూ... మీ అన్న... సంధి... జల్ది రా!”

మాట మధ్యమధ్యలో తెగిపోయింది. జైపాల్ “హలో, హలో” అంటుండగానే ఫోన్ కట్టయింది. మహబూబాబాద్‌లో అతను తెలుగు చెప్పే బడిలో, ఆ స్టాఫ్‌రూంలో సిగ్నల్ ఎప్పుడూ అంతే.

“ఎవలు సార్?” సోషల్ టీచర్ శ్యాం అడిగాడు.

“మా వదిన. బాయి కోసం మా అన్న నా మీద కోర్టుకెక్కిండు కద? ఇయ్యాల సంధి అంటుండట!”

జైపాల్ గొంతులో గెలుపు దాగలేదు. నెల్లికుదురులో రెండు పొలాలకూ నడుమనున్న ఆ బావి వల్ల అన్నదమ్ములకు మాటల్లేవు.

శ్యాం కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. “గిప్పుడే ఉరకకు సార్. ఏ యుద్ధంలనైనా ఓడినోడే ముందుగాల సంధి అడుగుతడు. జర ఆగితే నీ షరతులకు ఆయననే వస్తడు.”

పేపర్లు దిద్దుతున్న శ్రీలత తలెత్తింది. ఆమె బయాలజీ టీచర్. “మా పాఠంల సంధి అంటే మోకాలు లెక్క రెండు బొక్కలు కలిసే జాగ. అది జారితే మనిషి లేవలేడు. ఆలోచించకుంట పోండి సార్, బస్సులున్నయ్.”

జైపాల్ నవ్వాడు. “మా వ్యాకరణంల రెండచ్చులు కలిస్తే ఒకటి పోతది మేడం. ఈసారి పోయేది నేను మాత్రం గాదు.”

ఫోన్ మళ్లీ మోగింది. వదినే. శ్యాం వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. జైపాల్ ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టాడు. అది ఆగి, మళ్లీ మోగింది. శ్రీలత ఆ ఫోన్ వైపే చూస్తూ కూర్చుంది.

ఇంటికి చేరాక కూడా మోగింది. “ఎత్తరాదు?” అంది భార్య విజయ.

“ఆగనీ. నన్ను ఎంత గోస పెట్టిండు!” అని ఫోన్ ఆఫ్ చేసి పడుకున్నాడు.

నిద్ర పట్టలేదు. కళ్లు మూస్తే ఆ బావే కనిపించింది. తను తొలిసారి అందులో దూకి మునుగుతుంటే, జుట్టు పట్టి పైకి లాగి, లాగిన చేత్తోనే చెంప పగలగొట్టి, ఆ తర్వాత తనకన్నా ఎక్కువ ఏడ్చిన అన్న పోశాలు కనిపించాడు. తెల్లవారుతూనే జైపాల్ బస్సెక్కాడు.

దారి పొడుగునా షరతులు అనుకుంటూ పోయాడు. మోటరు ఎవరిది? నీళ్ల వంతు ఎట్లా? ఖర్చు ఎవరు పెట్టాలి? ఊరు దగ్గరపడేకొద్దీ ఒక్కొక్కటీ చిన్నదైపోయింది. దిగేసరికి ఏదీ మిగల్లేదు.

అన్న ఇంటి ముందు ఆటో ఆగి ఉంది, ఇంజన్ నడుస్తోంది. వాకిలి నిండా జనం. పెద్దమనుషులను కూడేసినట్టుంది అనుకున్నాడు జైపాల్. నమస్తే పెడితే ఒక్కరూ తలెత్తలేదు. ఇంత కోపంగా ఉన్నారా?

వదిన స్వరూప గడపలోకి వచ్చింది. ఆమె ఏమీ అనకముందే అతను గబగబా అనేశాడు.

“వదినా, అన్న ఏడి? సంధికి నేను తయారే. ఏ షరతూ లేదు. బాయి గూడ అన్ననే ఉంచుకోమను.”

స్వరూప అతన్ని కొత్తమనిషిని చూసినట్టు చూసింది.

“బాయేంది జైపాలూ? జరం తలకెక్కి మీ అన్నకు సంధి కమ్మింది, సోయి లేకుంట పలవరిస్తుండు, జల్ది రా అని నిన్నటి సంది మొత్తుకుంటున్న గద! దవాఖానకు తీస్కపోదామని ఆటో తెస్తే, ‘తమ్ముడు రానీ’ అని గడప పట్టుకొని ఇడ్వలే. రాత్రంత నీ పేరే.”

ఆమె గడప మీదే కూలబడింది.

“గిప్పుడే ఆపిండు.”